అవ్వ కడియాలకు బొగ్గు లెక్క

మొన్న ఆదివారం పొద్దున ఇడ్లీల కోసం వచ్చి కూర్చుంటే, బల్ల మీద ఇడ్లీలకు బదులు మా ఇంట్లోని వెండి సామానంతా వరసగా పేర్చి ఉంది. వెండి ధర కొండెక్కిందని కొన్నాళ్ళుగా టీవీలోనూ ఫోన్లలోనూ ఒకటే హోరు కదా (మన భాష చిత్రమైనది, దీపం కొండెక్కితే ఆరిపోయినట్టు, ధర కొండెక్కితే మాత్రం వెలిగిపోతున్నట్టు). అందుకని మా కోడలు, కేకుల పిండి తూచుకోవడానికి కొనుక్కున్న చిన్న కాంటాను మధ్యలో పెట్టుకుని, కుందులు, గ్లాసులు, పన్నీరు బుడ్డి, కుంకుమ భరిణె ఒక్కొక్కటే దాని మీద పెట్టి, ఎన్ని గ్రాములో ఫోనులో కొడుతోంది. తుక్కు కింద ఇవాళ ఎంత వస్తుందో ఆ ఫోనే చెప్పేస్తోంది. అమ్మే ఉద్దేశం ఎవరికీ లేదు, ఊరికే తెలుసుకోవాలని ముచ్చట. నా ఇడ్లీలు ఆ ముచ్చట తీరేదాకా కుక్కర్లోనే ఉన్నాయి.

నా రిటైర్మెంటు రోజున తోటివాళ్ళు శాలువాతో పాటు చేతిలో పెట్టిన పళ్ళెం వంతు వచ్చింది. కోడలు దాని అడుగున ఒక మూల సూదితో గీకి, వంగి చూసి, తర్వాత నా మొహం చూసి, దాన్ని తూచకుండానే పక్కన పెట్టింది. పైన వెండి, లోపల ఇత్తడి. చేయించినవాళ్ళు నన్ను బాగా ఎరిగినవాళ్ళే అయి ఉంటారు, పైకి కాస్త మెరుపే తప్ప లోపల సరుకు అంతంత మాత్రమని. చివరికి ఒక మూల మిగిలింది చిన్న ఉగ్గు గిన్నె, చెంచాడు పాలు పడితే నిండిపోయేది. దాన్ని చూడగానే నాకు తెలియకుండానే "దానికి బొగ్గు లెక్క కట్టాలి" అనేశాను. కోడలు కాంటా ఆపి అదేం లెక్క మామయ్యా అని అడిగింది. ఆమెకు చెప్పిందే మీకూ చెప్తున్నాను, మీలో చాలామంది బొగ్గు పొయ్యి మీద వండిన అన్నం తిన్నవాళ్ళే కనుక ఆమెకు చెప్పినంత విడమరిచి చెప్పక్కర్లేదు.

మాది మంథని. మా తాత పంచాంగం గుణించేవాడు, నాన్న బడిలో లెక్కలు చెప్పేవాడు, ఇంట్లో అంకెలకు ఎన్నడూ కొదవ లేదు. ఆ వంశంలో పుట్టి నేను గోదావరిఖని వచ్చి బొగ్గు కంపెనీ కాంటా మీద కొలిచే కొలువులో చేరాను. తాత గ్రహాల గతి చూశాడు, నేను లారీల గతి చూశాను. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీకి పోయే లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, నిండుగా వెళ్ళేటప్పుడు ఒకసారి తూచి, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తే అందులో బొగ్గెంతో తేలుతుంది. ఆ తీసివేత తప్ప నాకు వేరే విద్య లేదు. నెలాఖరున మాత్రం ఇంకో పని తగిలేది. యార్డులో కుప్పగా పడి ఉన్న బొగ్గును ఎవరూ కాంటా ఎక్కించలేరు కనుక, టేపు పట్టి దాని పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, అది ఆక్రమించిన చోటెంతో కట్టి, ఇంత చోటుకు ఇంత బరువని బొగ్గుకు విడిగా ఉన్న ఒక అంకెతో గుణిస్తే ఎన్ని టన్నులో వచ్చేది. ఆ అంకె మాకు ఇంటిపేరులాగా నోటికి వచ్చేది, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, నా పరువు జారిపడ్డది దీని మీదే.

మా క్వార్టర్ల వరసలో అందరి ఇళ్ళలోనూ బొగ్గు పొయ్యిలే, ఆ పొగకు వెండి మూణ్ణాళ్ళలో నల్లబడేది. చింతపండు, విబూది, ముగ్గుపిండి పెట్టి ఎంత తోమినా మళ్ళీ పండగ నాటికి నల్లగా నవ్వేది. అది చూసి, అమ్మబోతే వెండి కొట్టువాడు కల్తీ అంటాడేమోనని ఆడవాళ్ళకు అనుమానం. అందుకని కొట్టుకు పోయే ముందు నా దగ్గరికి తెచ్చేవాళ్ళు, కాంటా బాబు కదా, టన్నులు తూచేవానికి తులాలొక లెక్కా అని. మా వైపు వెండిని ఎండి అంటారు. జేబు ఎండినప్పుడే అది గుర్తొస్తుంది కనుక ఆ పలుకుబడిలో న్యాయముందని నాకు అనిపించేది. నాకు వెండి గురించి తెలిసింది సున్నా, కానీ లారీ లెక్క తెలుసు. గజ్జెల్లోని రాళ్ళు, భరిణె అడుగున పోసిన లక్క, గొలుసుకు చుట్టిన దారం, ఇవన్నీ ఖాళీ లారీ. అవి పోను మిగిలింది సరుకు. కిరాణా కొట్టు నుంచి చిన్న తక్కెడ అరువు తెచ్చి తూచి, సరుకులోంచి అతుకుల టంకానికి కొంత, కరిగిస్తే పోయే తరుగుకు కొంత కొట్టేసి, చౌరస్తాలో ఆ రోజున్న రేటుతో గుణించి చెప్పేవాణ్ణి. చిత్రంగా కొట్టువాడూ ఇంచుమించు అంతే చెప్పేవాడు. రెండు మూడుసార్లు అలా కలిసేసరికి నాకు పేరు వచ్చింది, పేరుతో పాటు కాస్త పొగరూ వచ్చింది.

మా పక్క క్వార్టర్లో ఉండే అన్న బాయి (బొగ్గు గనిని మేం అలాగే అంటాం) దగ్గర వర్కుషాపులో ఫిట్టరు. ఆయన తల్లినే మా వరసంతా అవ్వ అనేది. అవ్వ రెండు కాళ్ళకూ చూపుడువేలంత లావు వెండి కడియాలు ఉండేవి, పెళ్ళినాడు భర్త తొడిగించినవి, అప్పటినుంచి కాలు విడిచి ఎరగవు. జోడు అరవై తులాలని, లోపలిదాకా గట్టి వెండేనని, మా ముసలోడు చేయించిండని, ఆమె మూడు మాటల్లో ఒక మాట ఇదే ఉండేది. ఆ ముసలాయన బొగ్గు నింపే పనిలో చేరి, రిటైరయ్యి, పోయి కూడా చాలా ఏళ్ళయింది, అయినా అవ్వ మాటల్లో ఇంకా డ్యూటీ మీదే ఉండేవాడు. బరువు వల్ల ఆమె అడుగు ఎడంగా, ఆచితూచి పడేది. పొద్దున్నే ఆమె నల్లా దగ్గరికి పోతుంటే వచ్చే ఠంగుమనే చప్పుడుకు మేం లేచేవాళ్ళం, ఫస్టు షిఫ్టు సైరన్ మోగేది ఆ తర్వాతే.

ఒక వానాకాలం అవ్వ కుడికాలు వాచింది. వాపు కడియం కిందా పైనా పొంగి, కడియం కండలోకి దిగబడింది. కంపెనీ దవాఖానలో డాక్టరు చూసి, ముందు దీన్ని కోసి తీయించండి, ఆలస్యమైతే కాలికే మోసం అని గట్టిగా చెప్పి పంపించాడు. అన్న భయపడ్డాడు, ఆయన భార్య, మా వదిన, ఏడ్చింది. అవ్వ మాత్రం గడప మీద కూర్చుని కాలు చాపుకుని ఒక్కటే మాట పట్టుకుంది. ఊళ్ళో వాళ్ళ అక్కకు ఇట్లాగే కడియాలు కోశారట, కోసిన ముక్కలు చూసి కొట్టువాడు నోటికొచ్చిన ధర చెప్పాడట, అక్క ఆ దిగులుతోనే పోయిందట.

"కాలు మీదున్నప్పుడే కడియం, కోస్తే తుక్కు," అన్నది అవ్వ. "తుక్కుకు ఆడెంతంటే అంత. ముందుగాల లెక్క జెప్పుండ్రి, అటెన్క కొయ్యిండ్రి."

అందరూ నా వైపు చూశారు. పేరు తెచ్చుకోవడంలో ఉన్న ఇబ్బంది అదే.

మొదటి ఆలోచన అన్నకు వచ్చింది. లారీల్లేని ఆదివారం చూసి అవ్వను రిక్షాలో కాంటా దగ్గరికి తీసుకొచ్చాడు. వద్దని నేనెంత చెప్పినా అవ్వ వినకుండా, చెప్పులు విడిచి, దండం పెట్టి, లారీలెక్కే ఇనుప పలక మధ్యలో నిలబడింది. గడియారమంత డయల్లో ముల్లు కాస్త కదిలి, ఏదో అనుమానమొచ్చినట్టు వెనక్కి వాలి, ఆగిపోయింది. మా కాంటా చూపు ఆనేది వంద కిలోల నుంచే, అంతకు తక్కువైతే దానికి కనపడదు. కనపడినా లాభం లేదు, ఎందుకంటే ఖాళీ అవ్వ బరువెంతో తెలియాలి, తెలియాలంటే కడియాలు తీయాలి, తీయాలంటే కోయాలి, కోయాలంటే లెక్క చెప్పాలి. నేనిదంతా వివరిస్తుంటే అవ్వ పలక దిగుతూ, "గీ లారీల ముందల మనిషి లెక్కకే రాదా పంతులూ" అన్నది. నేను వంగి ఆమె చెప్పులు అందించాను.

ఆ మధ్యాహ్నమే నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కాంటా ఎక్కని బొగ్గును కొలిచి లెక్క కడుతున్నాం కదా, కాలు దిగని కడియాన్ని కొలవలేమా. దారం తెచ్చి కడియం చుట్టుకొలత తీశాను, లావు తీశాను, స్కేలు మీద పెట్టి చూశాను. వరండాలో వరసంతా గుమిగూడింది, నేను నెలాఖరు స్టాకు తీసేంత గంభీరంగా కాగితం మీద గుణించాను. జోడు ఎనిమిది తులాలకు దగ్గరగా తేలింది. మళ్ళీ గుణించాను, మళ్ళీ అంతే. ఏ మాత్రం బుద్ధి ఉన్నవాడైనా అక్కడ ఆగి ఆ కడియాలను కళ్ళతో ఒకసారి చూసేవాడు. నేను కాగితం వైపే చూస్తూ ఎనిమిదేనని ప్రకటించాను. మరి కాలు ఇంత గుంజుడేందని అవ్వ అడిగితే, అది వాపు బరువని శాస్త్రోక్తంగా చెప్పాను.

అవ్వ లేచి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం వదిన వచ్చి మా ఇంటావిడతో చెప్పిన సంగతి ఏమిటంటే, అవ్వ లోపలికి పోగానే గోడకున్న ముసలాయన పటాన్ని గోడవైపు తిప్పేసిందట. ఎనిమిది తులాల వెండి పైన పూసి, లోపల లక్కో మట్టో కూరి, అరవై అని జన్మంతా నమ్మించాడని ఆమెకు రూఢి అయిపోయింది. మరునాడంతా ఆమె మాటల్లో మా ముసలోడు అన్న మాట వినిపించలేదు, వరసంతా ఏదో మోటారు ఆగిపోయినట్టు బోసిగా ఉంది. ఆమె మనసు కోసమైనా ఒక యాభై అని చెప్తే మీ సొమ్మేం పోయేదని మా ఇంటావిడ నన్ను నిలదీసింది. అంకెకు దయాదాక్షిణ్యాలుండవు అని నేనన్నాను. ఆ రాత్రి కూరలో ఉప్పు కూడా లేదు.

ఆ తర్వాతి పొద్దున అన్న డ్యూటీకి బయల్దేరుతుంటే అవ్వ పీట వేసుకుని కూర్చుని కాలు చాపింది. "కొయ్యిరా. ఎనిమిది తులాల ఎండికి కాలు పోగొట్టుకుంటనా."

అన్న ఆ షిఫ్టు మానుకుని హాక్సా బ్లేడు తెచ్చాడు. కాలికీ కడియానికీ మధ్య నూనె పోసి పల్చటి రేకు దూర్చాడు, కింద వదిన పేపరు పరిచింది, నేను కాలు పట్టుకున్నాను. ఇనుప గొట్టాలను సొరకాయల్లా కోసే మనిషి, తల్లి కాలు దగ్గర బ్లేడు ఆనించి, తీసి, మళ్ళీ ఆనించాడు. భయపడకురా, లక్కే గద అని అవ్వే కొడుక్కి ధైర్యం చెప్పి, తను మాత్రం కళ్ళు మూసుకుంది. నా లెక్క నిజమైతే, పైన వెండి రేకు తెగగానే బ్లేడు మెత్తగా దిగిపోవాలి, ఎర్రటి పొడి రావాలి. బ్లేడు దిగలేదు. అన్న చెమటలు కక్కుతూ కోస్తున్నాడు, పేపరు మీద తెల్లటి పొడి రాలుతోంది, రాలుతూనే ఉంది. కడియం రెండుగా విడిపోయాక ఆ కోసిన ముఖం ఎంత తెల్లగా ఉందంటే, ఏళ్ళ పొగ పట్టిన ఆ నలుపులోంచి ఎవరో కిటికీ తెరిచినట్టుంది. అన్న ఆ ముక్కను తల్లి చేతిలో పెట్టాడు.

"అవ్వా, లోపల గూడ ఎండే. లక్క లేదు, ఏం లేదు."

అవ్వ ఒక కన్ను తెరిచి ముక్కను చూసింది, రెండో కన్ను తెరిచి నన్ను చూసింది. వరసంతా నన్నే చూసింది. దారం సాగిందేమో అని గొణిగాను. అప్పుడు మా ఇంటావిడ, జీవితంలో ఎన్నడూ నా ఆఫీసు పని గురించి అడగని మనిషి, నెమ్మదిగా, ఇంతకీ దేనితో గుణించారండీ అని అడిగింది. కాగితం తీసి చూసుకున్నాను. కొలత సరిగ్గానే ఉంది, గుణకారమూ సరిగ్గానే ఉంది, కానీ చివర్లో వెండికి వేయాల్సిన అంకె స్థానంలో నా చెయ్యి తనంతట తాను మా యార్డు అంకె వేసేసింది. అవ్వ కడియాలు వెండివి కాక బొగ్గువి అయి ఉంటే, అవి సరిగ్గా ఎనిమిది తులాలే తూగేవి.

నవ్వు మొదలుపెట్టింది అవ్వే. పీట మీద కూర్చుని, వాచిన కాలు చేత్తో పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. నవ్వి, రెండో కడియం కూడా కొయ్యమంది, ఒక్క కాలికి ఉంటే పక్కకు ఒరిగి నడవాల్సి వస్తుందని. తర్వాత లోపలికి కుంటుకుంటూ వెళ్ళి పటాన్ని ఇవతలికి తిప్పి, ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు, చాలాసేపటికి గానీ రాలేదు.

వాపు కాస్త తగ్గిన తర్వాత ఆమెను చౌరస్తాలోని వెండి కొట్టుకు తీసుకెళ్ళాం. ముక్కలన్నీ తక్కెట్లో పెడితే యాభై ఎనిమిది తూగాయి. బ్లేడు పొడి చిటికెడు, అది వదిన ఇంట్లో పొట్లం కట్టి దాచింది, అది కలిపినా అరవై కావు. కొట్టాయన మర్యాదస్తుడు, తుక్కు అనకుండా పాత ఎండి అనే అన్నాడు. రెండు తులాల తేడా ఉందమ్మా, చేసినప్పుడే తక్కువ చేసి ఉంటారని కూడా అన్నాడు. ముసలాయన మీద మళ్ళీ మాట వస్తుందని నేను అవ్వ వైపు చూశాను, ఆమెకు మాత్రం రెప్ప కూడా ఆడలేదు.

"గా రెండు తులాలు ఏడికి పోలే," అన్నది. "నేను నడిచిన గద. బాటల ఉన్నయి."

నిజమే కదా. పొలానికి, నల్లాకు, అంగడికి, ఏళ్ళ తరబడి అన్నం గిన్నె పట్టుకుని బాయి గేటు దాకా. ఒకదానికొకటి ఒరుసుకుని, రాళ్ళకు ఒరుసుకుని, ఆ వెండి అరిగిన లెక్క కొట్టాయనకూ తెలియలేదు, నాకు అసలే తెలియలేదు. ఆయన లెక్కల యంత్రం మీద కొట్టి ఎంత వస్తుందో చెప్పాడు, అవ్వ మళ్ళీ చెప్పించుకుని విన్నది, విని తృప్తిగా తలాడించి, ముక్కలన్నీ కొంగున మూటగట్టుకుని లేచింది. అమ్మడానికి రాలేదట, విని పోదామనే వచ్చిందట. కొట్టాయన తెప్పించిన చాయ్ మాత్రం తాగింది.

కాలు నయమైంది. కడియాలున్న చోట చర్మం పసిపిల్ల చర్మంలా పల్చగా, తెల్లగా ఉండేది. చాలా రోజులు అవ్వ ఏదో దాటుతున్నట్టు కాలు మరీ పైకెత్తి అడుగు వేసేది, కాళ్ళు గాలిలో పోతున్నయని నవ్వేది. మేం మాత్రం సైరన్‌కు లేవడం నేర్చుకోవాల్సి వచ్చింది. నన్ను ఆమె తప్పు పట్టలేదు సరికదా, వరసలో ఎవరైనా ఆ సంగతెత్తి ఆటపట్టిస్తే నాకే అడ్డు వచ్చేది. ఒకరోజు ఆమే నాతో అన్నది, "నువ్వు సక్కగ లెక్క గట్టి అరవై అంటె నేను కొయ్యనిత్తునా పంతులూ. కాలు పోతుండె." తప్పు లెక్క కట్టి మెప్పు పొందినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. అయినా పేరు పేరే, అప్పటినుంచి బొగ్గు పంతులునయ్యాను. మా వరసలో ఎవరైనా ఎవరినైనా తక్కువ చేసి మాట్లాడితే, బొగ్గు లెక్క గట్టకు అనడం అలవాటైంది.

తర్వాత ఆ వెండితో వదినకు పట్టగొలుసులు వచ్చాయి, ఇంకేవో వచ్చాయి. వదిన దాచిన పొడికి ఒక చిన్న ముక్క కలిపించి అవ్వ ఉగ్గు గిన్నె చేయించి, అప్పుడే పుట్టిన మా వాడికి పెట్టింది, లెక్క గట్టినందుకు కూలి అని. మా కోడలి మొగుడు మొదటి ఉగ్గు తాగింది అందులోనే.

అంతా విని కోడలు ఆ గిన్నెను కాంటా మీద పెట్టింది. ఎర్ర అంకెలు క్షణంలో స్థిరపడ్డాయి, ఫోను ధర చెప్పింది. ఇప్పుడు బొగ్గు లెక్క ఎంతవుతుంది మామయ్యా అని అడిగింది. ఆ అంకె నాకు ఇంకా నోటికి ఉంది, చెప్పాను, ఇద్దరం నవ్వుకున్నాం. ఇడ్లీలు అప్పటికి రాళ్ళయ్యాయి. నా ఇత్తడి పళ్ళెంలోనే పెట్టించుకుని తిన్నాను, మేం ఒకరికొకరం తగినవాళ్ళమే కనుక.

ఆ క్వార్టర్ల వరస ఇప్పుడు లేదు, బాయి గేటుకు పోయే దారి సగం ఓపెన్‌కాస్టు గని తవ్విన గుంతలో పోయింది. కాంటాలో కంప్యూటరు కూర్చుంది, దానికి కిలో కూడా కనిపిస్తుంది, అవ్వ నిలబడితే బాగానే చూపించేది. అడుగు చప్పుడుతోనే మనిషిని గుర్తుపట్టించే కాళ్ళు కూడా ఇప్పుడు లేవు. లెక్కలు తప్పడం మానేశాయి, మంచిదే, కానీ తప్పిన లెక్క కోసం వరసంతా ఒకచోట చేరి నవ్వుకోవడం కూడా దానితో పాటే పోయింది. నేను మాత్రం పొద్దున నడకకు ఆ మిగిలిన సగం దారినే పట్టుకుంటాను. దుమ్ము, బొగ్గు పొడి, లారీ చక్రాల గుర్తులు, వాటి అడుగున ఎక్కడో రెండు తులాల వెండి. దాని మీద నడుస్తున్నట్టు ఆ దారిన పోయే ఎవరికీ తెలియదు. నేను కాస్త ఎడంగా, ఆచితూచి అడుగు వేస్తాను.